రోబో చేతికీ ధడా కట్టాల్సిందే!

హోసూరు, చెన్నై, పుణె చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో రోబో చేతులు మామూలైపోయాయి. మన బడుల్లో పదో తరగతి ముగించి ఐటీఐ, పాలిటెక్నిక్‌లకు వెళ్లే పిల్లల్లో కొందరు రేపు వాటి పక్కనే పనిచేస్తారు. అక్కడ తప్పక వినిపించే మాట ‘పేలోడ్’. అంటే రోబో మోయగల గరిష్ఠ బరువు. ఇంగ్లిషు మాట అని తెలుగు మాధ్యమం పిల్లలు జంకనక్కర్లేదు. దాని వెనక ఉన్న లెక్క మనకు తెలిసిందే.

నూనె తూచే ముందు కొట్టువాళ్లు ఖాళీ డబ్బాకు ధడా కడతారు. డబ్బా బరువు నూనె ఖాతాలో పడకూడదు కదా! రోబోకూ అంతే. డెన్మార్క్ సంస్థ యూనివర్సల్ రోబోట్స్ తయారుచేసిన యూఆర్5ఈ పేలోడ్ 5 కిలోలు. ఆ 5 కిలోలూ వస్తువుకే అనుకోకూడదు. చేతి చివర బిగించే గ్రిప్పర్, దాని ప్లేటు, బోల్టులు కూడా అందులోకే వస్తాయి. అవన్నీ కలిపి కిలోన్నర ఉంటే వస్తువుకు మిగిలేది మూడున్నర కిలోలే. ఒకేసారి రెండు వస్తువులు పట్టాలని ఇంకో గ్రిప్పర్ తగిలిస్తే అదీ తగ్గుతుంది.

రెండో సంగతి దూరం. నిండు బిందెను చంకన ఆనించుకుంటే మోయగలం. చెయ్యి చాపి పట్టుకుంటే నిలవలేం. 2 కిలోల బరువు మణికట్టు కీలుకు అడ్డంగా 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కీలుపై పడే టార్క్ సుమారు 2 న్యూటన్ మీటర్లు. 30 సెంటీమీటర్లకు జరిపితే సుమారు 6. బరువు అదే, టార్క్ మూడింతలు! అందుకే తయారీదారులు దూరం పెరిగేకొద్దీ ఎంత బరువు తగ్గించాలో చూపే గ్రాఫు కూడా ఇస్తారు.

ఈ లెక్క తప్పితే రోబో పని మధ్యలో ఆగిపోతుంది, గేర్లు త్వరగా అరుగుతాయి, వస్తువు అనుకున్న చోట పడదు. పట్టు జారితే పక్కనున్న మనిషికే దెబ్బ. అందుకే పరికరం మార్చినప్పుడల్లా కొత్త బరువు, గరిమనాభి కంట్రోలర్‌లో నమోదు చేయాలి.

ఉపాధ్యాయులుగా మేము టార్క్ పాఠానికి మీటరు స్కేలు, నీళ్ల సీసా వాడుతున్నాం. సీసాను స్కేలుపై దూరం జరుపుతూ పట్టుకోమంటే పిల్లల మణికట్టే పాఠం చెబుతుంది. ఇంట్లో తల్లిదండ్రులూ ఈ లెక్క ఇచ్చి చూడండి: పేలోడ్ 7 కిలోలు, గ్రిప్పర్ 2.2 కిలోలు, వస్తువుకు మిగిలేది ఎంత? 4.8 అని చెబితే సంతోషం. ‘ఎంత దూరంలో?’ అని ఎదురు అడిగితే, పాఠం పూర్తిగా ఒంటబట్టినట్టే.