హస్త, చిత్త కార్తెల వాన తప్పితే...

బీదర్ జిల్లాలో హస్త, చిత్త కార్తెల వాన రెండు పంటలకు ఆధారం. కంది పూతకు, కాయకు ఆ తడే కావాలి. నల్లరేగడి దాన్ని పట్టి ఉంచితేనే శనగ, జొన్న మొలుస్తాయి. ఆ వాన తప్పితే బోర్లు వేసవి దాకా ఆగవు.

2014, 2015లో వరుసగా వానలు తగ్గాయి. 2016 ఏప్రిల్‌లో, మంజీరా పరీవాహకంలో మనకు ఎగువన ఉన్న లాతూరుకు మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తేవలసి వచ్చింది.

మన నౌబాద్‌లో బహమనీల కాలంనాటి సురంగ్ బావి ఉంది. రాతి పొరల్లోకి ఇంకిన వాన నీటిని సొరంగం ద్వారా అందించే ఏర్పాటు అది. మనమేమో ఇంకనివ్వకుండానే తోడేస్తున్నాం.

సంఘ సభ్యులకు మా మనవి ఒక్కటే: వానలేని ఈ రోజుల్లోనే ఇంటింటా ఇంకుడు గుంత తవ్వించండి. వచ్చే వాన చుక్కనైనా వీధి పాలు కానివ్వొద్దు.