‘త్రో’: తిప్పడం నుంచి విసరడం వరకు ఒక ఆంగ్ల క్రియ ప్రస్థానం

ఫెరార్గంజ్: దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్ తహసీల్‌లో ఉన్న జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం దాటగానే అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా గిరిజనుల రక్షిత అరణ్యంలోకి ప్రవేశిస్తుంది. అక్కడినుంచి వాహనాలు నిర్ణీత వేళల్లో, పహరా మధ్య వరుసగా సాగాలి. దారిలో ఆగరాదు, ఫొటోలు తీయరాదు, జరావాలకు తినుబండారాలు ఇవ్వరాదు. కదులుతున్న వాహనంలోంచి ఇవ్వడమంటే ఆచరణలో విసరడమే. ఆ పనిని ఆంగ్లంలో ‘త్రో’ అంటారు. నిత్యం వినిపించే ఈ క్రియ పుట్టుకలో మాత్రం విసరడం అనే అర్థం లేదు.

ప్రాచీన ఆంగ్లంలో దీని రూపం ‘థ్రావన్’. మెలిపెట్టడం, తిప్పడం అని దాని అర్థం. తిప్పడాన్ని సూచించే జర్మన్ క్రియ ‘డ్రేయెన్’, దారాన్ని సూచించే ఆంగ్ల పదం ‘థ్రెడ్’ ఇదే ధాతువునుంచి వచ్చాయి. విసరడానికి ఆనాడు ‘వెయోర్పన్’ అనే వేరే క్రియ ఉండేది. మధ్య ఆంగ్ల కాలంలో ఆ స్థానాన్ని ‘త్రో’ ఆక్రమించింది. చేతిని తిప్పి వస్తువును వదిలే కదలికే ఈ మార్పుకు మూలమని భావిస్తారు. పాత అర్థం కొన్ని వృత్తుల్లో నేటికీ నిలిచింది. సారెపై కుండను మలచడాన్ని, పట్టు పోగులకు పురి పెట్టడాన్ని ఆంగ్లేయులు ‘త్రో’ అనే వ్యవహరిస్తారు.

తెలుగువారికి ఈ బంధం కొత్తది కాదు. రాయి విసురుతాం, తిరగలి తిప్పి పిండీ విసురుతాం. తిప్పడం, దూరంగా పంపడం అనే రెండు భావాలూ మన క్రియలోనూ కలిసే ఉన్నాయి.

వాడుకలో ‘త్రో’ వెంట వచ్చే చిన్న పదమే అర్థాన్ని నిర్ణయిస్తుంది. ‘టు’ చేరితే ఎదుటివారు అందుకునేలా వేయడం. ‘ఎట్’ చేరితే తగిలేలా కొట్టడం. ‘అవే’ చేరితే పారవేయడం. బంతి విషయంలో మొదటి ప్రయోగం ఆట. ఆహారం విషయంలో అదే ప్రయోగం తరచుగా జంతువులకు వర్తిస్తుంది. తెలుగు ఈ భేదాన్ని మరింత స్పష్టంగా పాటిస్తుంది: పశువులకు మేత వేస్తాం, మనుషులకు అన్నం పెడతాం.

జిర్కాటాంగ్ నిబంధన వెనుక ఉన్నది ఈ గౌరవ ప్రశ్న ఒక్కటే కాదు. 2011 జనగణన ప్రకారం జరావాల సంఖ్య 380 మాత్రమే. వేట, సేకరణలపై ఆధారపడి జీవించే ఆ ప్రజలు 1997 తర్వాతనే బయటివారిని తరచుగా కలవడం మొదలుపెట్టారు. 1999లో వారిలో తట్టు వ్యాపించింది. బయటి వ్యాధులను తట్టుకునే శక్తి తక్కువగా ఉన్నవారికి అపరిచితుల సాన్నిహిత్యమే ప్రమాదం. అలవాటు లేని ఆహారం ఆరోగ్యాన్ని దెబ్బతీయవచ్చు, రోడ్డు పక్కన ఎదురుచూసే పరాధీనతకూ దారితీయవచ్చు.

పర్యాటకుల ఎదుట జరావా మహిళలను నృత్యం చేయించిన దృశ్యాలు 2012 జనవరిలో వెలుగులోకి వచ్చి దేశవ్యాప్తంగా ఆగ్రహం రేపాయి. ఆదిమ తెగల రక్షణకు ఉద్దేశించిన 1956 నాటి రెగ్యులేషన్‌ను అదే సంవత్సరం మరింత కఠినం చేశారు. బిస్కెట్ పొట్లాన్ని దయతో విసిరినా, వినోదానికి విసిరినా ఆ అరణ్య మార్గంలో నిషేధం ఒక్కటే.