బాప్తిస్మం ఇచ్చాం, బాధ్యత ఎప్పుడిస్తాం?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాల్లో యువత తగ్గిపోతున్నదని పెద్దల దిగులు. ఆ దిగులుకు మందు ఆ సంఘాల పుట్టుకలోనే ఉంది.

క్రిస్మస్ నాడు పాలమూరు చర్చిల్లో కాలు పెట్టే సందుండదు. హైదరాబాద్ నుంచి, పుణె నుంచి వచ్చిన పిల్లలు గుమ్మాల దగ్గర, వేపచెట్ల కింద, బండ్ల మీద కూర్చుని ప్రసంగం వింటారు. సంక్రాంతి దాటిన ఆదివారం అదే చర్చికి వెళ్తే ముందు చాపల మీద తెల్ల తలలు కనిపిస్తాయి, వెనక చాపలు ఖాళీగా ఉంటాయి. ఈ కాలం పిల్లలకు భక్తి తక్కువైందని కొందరు పెద్దలు నిట్టూరుస్తారు. నాకట్లా అనిపించదు. పండుగకు అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు సంఘం మీద ప్రేమ లేదనలేం. సంఘంలో వాళ్లకు పనే లేదు.

ముప్పై నిండనివాళ్ల దారి

ఈ మూడు జిల్లాల్లో ‘ఎం.బి. చర్చి’ అంటే అందరికీ తెలుసు. మెనొనైట్ బ్రదరెన్ అన్న పూర్తి పేరు వెనకున్న కథ మాత్రం తక్కువమందికి తెలుసు. 1525 జనవరి 21న జ్యూరిక్‌లో కొందరు ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం చాలదనీ, తనంతట తాను నమ్మినవాళ్లే అది పొందాలనీ వాళ్ల వాదన. వాళ్లలో ముందు నడిచిన కాన్రాడ్ గ్రెబెల్, ఫెలిక్స్ మాంజ్ ముప్పై నిండనివాళ్లు. రెండేళ్లు తిరక్కముందే మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపారు.

ఆ దారి మెనో సైమన్స్ అనే నాయకుడి పేరుతో మెనొనైట్ శాఖగా రష్యాకు చేరింది. 1860లో అక్కడే మెనొనైట్ బ్రదరెన్ శాఖ పుట్టింది. అమెరికా వెళ్లిన ఆ శాఖవాళ్ల మిషనరీలు 1899లో హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టారు. నాగర్‌కర్నూల్, వనపర్తి మిషన్ స్టేషన్లు వాళ్లు నెలకొల్పినవే. గద్వాల 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుంచి వాళ్ల చేతికి వచ్చింది.

తాత చేను మనవడి పేరున పట్టా అయినట్టు ఇక్కడ విశ్వాసం చేతులు మారదు. ఏ తరానికా తరం తానే ఆలోచించుకుని, సాక్ష్యం చెప్పి, నీళ్లలోకి దిగాల్సిందే. అంత పెద్ద నిర్ణయం తీసుకోగల పిల్లలు సంఘ కమిటీలో నోరు విప్పడానికి మాత్రం పనికిరారా?

ఎక్కడ జారిపోతున్నారు?

పిల్లలు ఒక్కసారిగా దూరం కారు. ఐదో తరగతిలో గురుకులంలో సీటు వస్తుంది. అక్కడి నుంచి ఇంటర్ దాకా సెలవులకే ఇల్లు. సండే స్కూల్ పునాది పడాల్సిన ఏళ్లన్నీ హాస్టల్‌లో గడిచిపోతాయి. తర్వాత డిగ్రీకో, కోచింగ్‌కో, కొలువుకో హైదరాబాద్. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకు పాత బైబిల్లోని గ్రాంథికం, కీర్తనల పుస్తకంలోని సంస్కృత సమాసాలు కొరుకుడుపడవు.

పుల్పిట్ మీద వినబడని సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. గద్వాల నడిగడ్డలో సీడ్ పత్తి క్రాసింగ్ పనులకు బడి మానే పిల్లలున్నారు. కులం సర్టిఫికెట్ కోసం మీసేవకు వెళ్లిన పిల్లవాడికి మరో చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. తెలంగాణలో అతను బీసీ-సి కిందికి వస్తాడు, ఆ కోటా ఒక్క శాతం. ఎస్సీ హోదా కోసం కాగితం మీద ఒక పేరు, చర్చిలో ఒక పేరు పెట్టుకుని బతికే ఆ పిల్లవాడి మనసులో ఎంత పెనుగులాట ఉంటుందో ఊహించండి. దాని గురించి అయ్యగారు ప్రేమగా అడగాలి, తీర్పు చెప్పకుండా వినాలి. తన బతుకు ప్రస్తావనే లేని చోటికి ఏ యువకుడైనా ఎన్నాళ్లు వస్తాడు?

శంషాబాద్ బిడ్డ చెప్పిన పద్ధతి

పాత కీర్తనలా, కీబోర్డు పాటలా? చాలా సంఘాల్లో పేచీ ఇక్కడే మొదలవుతుంది. దీనికి దారి చూపినవాడు మన గడ్డ మీద పుట్టినవాడే. మిషనరీల కొడుకు పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో పుట్టాడు. పాలమూరు జిల్లా కొండూరు గ్రామాన్ని లోతుగా పరిశీలించి, 1971లో ఆ ఊరి పేరుతోనే పుస్తకం వేశాడు. తర్వాతి కాలంలో ప్రపంచమంతా చదివిన మిషన్ పండితుడయ్యాడు.

ఒక ఆచారాన్ని గుడ్డిగా కొట్టెయ్యొద్దు, గుడ్డిగా తలకెత్తుకోవద్దు అన్నది ఆయన బోధ. ముందు దాని అర్థమేమిటో తెలుసుకోవాలి. తర్వాత వాక్యం వెలుగులో చూడాలి. ఆపైన సంఘమంతా కూర్చుని తేల్చుకోవాలి. ఊరి ఆచారాల కోసం చెప్పిన ఈ పద్ధతి తరాల మధ్య తగాదాకూ పనికొస్తుంది. పురుషోత్తమ చౌదరి కీర్తనలకు రాగం, తాళం ఉన్నాయి. ఆ రాగాలు మన అవ్వల గొంతుల్లో ఇంకా బతికే ఉన్నాయి. అవ్వ పాడుతుంటే మనవరాలు ఫోన్‌లో రికార్డు చేసి, కష్టమైన మాటలకు అర్థం రాసి పెడితే పాటా నిలుస్తుంది, ఆ పిల్లకు సంఘంలో పనీ దొరుకుతుంది.

ఈ ఏడే మొదలుపెట్టొచ్చు

• సంఘ కమిటీలో ముప్పై లోపువాళ్లకు రెండు స్థానాలు. ఒకటి అమ్మాయికి. ఓటు హక్కుతో.

• గురుకులం పిల్లలకు దసరా, సంక్రాంతి సెలవుల్లో ప్రత్యేక తరగతులు. మామూలు రోజుల్లో ఒక పెద్ద ఒక పిల్లవాడి బాగోగులు చూసుకోవడం.

• కానుక లెక్కలు సంఘం ముందు చదివే పని చదువుకున్న పిల్లలకు.

• నెలకోసారి ప్రసంగం బదులు ప్రశ్నల ఆదివారం. కులం, కొలువు, పెళ్లి, అప్పు, ఏదైనా అడగొచ్చు.

వీటిలో దేనికీ కొత్త భవనం అక్కర్లేదు, లైట్లూ పెద్ద స్పీకర్లూ అక్కర్లేదు. పెద్దలు కాస్త జరిగి కూర్చుంటే చాలు.

బాప్తిస్మానికి ముందు పెద్దలు పిల్లలను వరసగా ప్రశ్నలు అడుగుతారు. నిజంగా నమ్మావా, కడదాకా నిలబడతావా అని. తడిబట్టలు మార్చుకుని వచ్చాక ఆ పిల్లలను కూర్చోబెట్టి, ఈ సంఘంలో నీకు ఏ పని ఇమ్మంటావని కూడా అడగాలి. వాళ్లు చెప్పిన పనిని ఆ ఆదివారమే చేతిలో పెట్టాలి.