పద్దుల గదికి కంప్యూటరు

ఎడ్లను కొనుటకు సంతకు పోయిన రైతు మొదట ఎద్దును చూడడు. తన పొలమును తలచుకొనును. సంక్రాంతి పండుగకు బండలాగుడు పందెములలో దింపు ఒంగోలు జత వేరు, నల్లరేగడిలో గుంటక లాగు జత వేరు. పందెపు జతకు పెట్టు ధరయు, పెట్టు మేపును పొలము పనికి దండుగ. ఈ వివేకము పల్నాటిలోను, పర్చూరు ప్రాంతములోను చిన్నపిల్లలకు సైతము తెలిసినదే. కాని ఆ రైతు కుమారుడే కమీషను కొట్టు పెట్టుకొని, దానికి ఒక కంప్యూటరు కొనబోయినప్పుడు, అంగడివాడు చూపిన పెట్టెను చూచునే గాని తన పనిని తలచుకొనుట అరుదు.

ఇటీవల గుంటూరు మిర్చి యార్డులో ఒక వ్యాపారి, మా ప్రసంగములను వినువారే, మమ్ము నిలిపి "నలుబది వేల రూపాయలలో పద్దులు వ్రాసికొనుటకు మంచి కంప్యూటరు ఏదండీ?" అని అడిగిరి. ఆయన కొట్టులోనిది పన్నెండేండ్ల నాటిది. నడుచుచునే యున్నది. అయినను విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ పాత యంత్రమునకు విండోస్ 11 పట్టదు. బ్యాంకు లావాదేవీలును, జి.ఎస్.టి. పత్రములును ఆ యంత్రము మీదనే సాగుచున్నవి. భద్రతా సవరణలు లేని యంత్రముతో రైతుల సొమ్మును ముట్టుకొనుట, గొళ్లెము లేని తలుపు వెనుక ఇనుప పెట్టెను ఉంచుట వంటిదే. కావున ఆయన ప్రశ్న విలాసమునకు సంబంధించినది కాదు.

మేము ఆయనను తిరిగి ఒక ప్రశ్న అడిగితిమి: "దానితో మీరు చేయు పని యేమి?" ఆయన చెప్పినది ఇది. తెల్లవారి టిక్కీలు దిగును. ఏ రైతుది, ఏ ఊరు, తేజయా, మరియొక రకమా, తాలు కాయ ఎంత, కాటా మీద తూకమెంత, పలికిన ధర యెంత, హమాలీ మొదలగు ఖర్చులు పోను రైతు చేతికి రావలసినదెంత — ఇదంతయు పట్టీగా అచ్చు వేయవలెను. సాయంకాలము చిట్టా, ఆవర్జా. శీతల గిడ్డంగిలో ఉంచిన సరకునకు వేరు లెక్క. అప్పుడప్పుడు బ్యాంకు, పన్నుల పని. అంతే.

ఈ పని ఎంత బరువైనదో లెక్క వేసి చూతము. ఒక్కొక్క టిక్కీ వివరమునకు వేయి బైట్లు పట్టునని ఉదారముగనే అనుకొందము. లక్ష టిక్కీలకు పది కోట్ల బైట్లు, అనగా నూరు మెగాబైట్లు. చేతిలోని ఫోనులో పెండ్లి వీడియో ఒకటి ఇంతకంటె హెచ్చు చోటు ఆక్రమించును. కూడికలు, తీసివేతలు చేయు ప్రాసెసరునకు ఈ పని పిల్లల ఆట. నేడు కొత్తగా అమ్ముచున్న చవుక రకపు ప్రాసెసరులు సైతము దీనికి చాలియుండును. ఆటలకై ప్రత్యేకముగా చేసిన గ్రాఫిక్సు కార్డు, రంగురంగుల దీపములు వెలుగు అద్దపు పెట్టె — ఇవి బండలాగుడు జతలోనివి. కుఱ్ఱవాని ముచ్చటకు కొనదలచినచో కొనవచ్చును గాని, ఆ ఖర్చును కొట్టు పద్దులో వ్రాయరాదు.

మరి డబ్బు దేనికి పెట్టవలెను? గుమస్తా ముందరి బల్ల, వెనుకనున్న బీరువా — ఈ రెంటిని తలచుకొనుడు. బల్ల పెద్దదైనచో ఆవర్జా, చిట్టా, బ్యాంకు పుస్తకము అన్నియు ఒకేసారి పరచుకొనవచ్చును; ఇరుకైనచో ఒకటి మూసి మరియొకటి తెరువవలెను. కంప్యూటరులో ర్యామ్ అనునది ఆ బల్ల. ఎనిమిది గిగాబైట్లకు తగ్గరాదు, పదునారున్నచో సుఖము. అయితే 2025 చివరి నుండి ఈ ర్యామ్ చిప్పుల ధర ప్రపంచమంతటను విపరీతముగా పెరిగినది. కృత్రిమ మేధకై కట్టుచున్న మహా యంత్రశాలలు ఆ చిప్పులను కొల్లలుగా కొనుచుండుటయే ఇందుకు ముఖ్యకారణము. కావున నేడు ఎనిమిదితో సరిపెట్టుకొని, రెండవ ర్యామ్ పలకకు చోటు ఖాళీగా ఉన్న యంత్రమును ఎన్నుకొని, ధర దిగినప్పుడు చేర్చుకొనుట తెలివి. బీరువా అనగా డిస్కు. తిరుగుడు పళ్లెములుండు పాత హార్డుడిస్కు కాక, కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. ఉండవలెను. ఉదయము మీట నొక్కిన పిమ్మట టీ త్రాగి వచ్చువరకు వేచియుండుటకు, కూర్చొనగనే పని మొదలిడుటకు గల భేదము చాలవరకు ఇందే యున్నది. 512 గిగాబైట్లు ధారాళముగా సరిపోవును.

పాత తెర బాగున్నచో దానిని పారవేయ నక్కరలేదు. తీగె చివరను మాత్రము చూచుకొనవలెను; పాత తెరలకు వి.జి.ఎ., కొత్త యంత్రములకు హెచ్.డి.ఎం.ఐ. ఉండుట కద్దు. స్వల్ప వ్యయముతో మార్పిడి ముక్క లభించును. ఇంతకంటె ముఖ్యమైనది కాటా. ఎలక్ట్రానిక్ కాటా నుండి తూకమును నేరుగా కంప్యూటరులోనికి తెచ్చుకొనువారికి సీరియల్ పోర్టు కావలెను. నేటి యంత్రములలో అది లేనివే హెచ్చు. కార్బను ప్రతులతో పట్టీలను టకటక కొట్టు డాట్ మాట్రిక్సు ప్రింటరు కూడ పాతదైనచో ఇదే చిక్కు వచ్చును. మూడు ప్రతులను ఒక్క దెబ్బతో తీయుటలో ఆ ప్రింటరునకు సాటి లేదు. దానిని మార్చుమని మేము చెప్పము. బేరమునకు ముందే ఈ రెండు తీగెల చివరలను ఫోనులో ఫోటో తీసికొనిపోయి అంగడివానికి చూపుడు.

ఇంతవరకు చెప్పినది ఏ పట్టణమువారికైనను వర్తించును. మన సీమకు ప్రత్యేకమైనవి మూడు: దుమ్ము, ఎండ, కరెంటు. యార్డులో తుమ్మని గుమస్తాను మేము చూడలేదు. ఆ కారపు ధూళిని యంత్రపు పంకా దినమంతయు లోపలికి పీల్చుచుండును. జిన్నింగు మిల్లులలో దూది నూగు చేరి, వేడిని బయటికి పంపు లోహపు రెక్కల మీద కంబళివలె పేరుకొనును. మే మాసపు ఎండ దానికి తోడగును. లోపలి వేడి నూరు డిగ్రీల సమీపమునకు వచ్చినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. యజమాని "కొత్తదే, అప్పుడే మందగించినది" అని అంగడివానిని తిట్టును. పెట్టెను నేల మీద గాక బల్ల మీద, గోడకు జానెడు ఎడముగా ఉంచవలెను. వారమున కొకసారి ఆపివేసి, బ్లోయరుతో దుమ్ము ఊదవలెను. నడుచుచున్న యంత్రము మీద తువ్వాలు కప్పుట మేము పెక్కు కొట్లలో చూచితిమి. అది భక్తియే గాని రక్షణ కాదు.

కరెంటు పోవుట కంటె, పోయి వచ్చి మరల పోవుట ప్రమాదము. పద్దు వ్రాయుచుండగా యంత్రము హఠాత్తుగా ఆగినచో ఆ పద్దుల దస్త్రమే చెడవచ్చును. 600 వి.ఎ. యు.పి.ఎస్. ఒకటి ఉన్నచో వ్రాయుచున్న పట్టీ ముగించి, యంత్రమును క్రమముగా ఆపుకొనుటకు వ్యవధి దొరకును. లేజరు ప్రింటరును మాత్రము దానికి తగిలింపరాదు; అది ఒక్కసారిగా లాగు కరెంటును చిన్న యు.పి.ఎస్. మోయలేదు. మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలునకు ఎర్తు నిజముగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించుకొనుడు. పాత కొట్లలో ఆ రంధ్రము అలంకారముగా మాత్రమే యుండుట కలదు.

నకలు సంగతి మా అనుభవముతో చెప్పుచున్నాము. కొన్ని యేండ్ల క్రిందట మా యింటి కంప్యూటరు డిస్కు ఒక ఉదయము పలుకలేదు. రెండేండ్ల ప్రసంగ పాఠములు దానితో పోయినవి. తప్పు ఎవరిదియు కాదు, మాదే; వేరొక చోట ప్రతి ఉంచుకొనలేదు. ప్రసంగములు పోయిన లోకమునకు నష్టము లేదు. రైతు బాకీ, రైతునకు ఈయవలసిన సొమ్ము వ్రాసిన పద్దు పోయినచో, నోటిమాట మీద తగవు పడును. అట్టి తగవులో బలహీనుని మాట నెగ్గుట కష్టము. కావున విడిగా ఒక డిస్కు కొని, సాయంకాలము నకలు తీసి, కొట్టులో గాక ఇంటిలో ఉంచవలెను.

అందుచే ఆ వ్యాపారికి మేము చెప్పిన లెక్క ఇది: నలుబదివేలలో ఎనిమిదివేలు యు.పి.ఎస్.కు, నకలు డిస్కునకు, ఎర్తునకు ముందుగా వేరుచేసి, మిగిలినదానితోనే యంత్రమును బేరమాడుడు. అది చాలనిచో, కంపెనీలు వాడి అమ్మిన యంత్రములు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల దొరకును. వానిలో ఇంటెల్ ఎనిమిదవ తరమునకు పూర్వపువి విండోస్ 11కు పనికిరావు. బిల్లు, వ్రాతమూలక పూచీ లేనిదే కొనరాదు. బిల్లు కొట్టు పేర, జి.ఎస్.టి. సంఖ్యతో నుండవలెను. కంప్యూటరు మీద పన్ను నూటికి 18. నలుబది వేల బిల్లులో అది ఆరువేల పైచిలుకు. మీ వ్యాపారమునకు ఎంతవరకు జమ పట్టుకొనవచ్చునో మీ లెక్కలు చూచువారిని అడుగుడు.

కంప్యూటరు అక్కరలేని పనులును కలవు. 2025-26 పంటకు పత్తి కార్పొరేషనువారు రైతుల నమోదునకై పెట్టిన కపాస్ కిసాన్ ఫోనులోనే నడుచును. దానికొరకు కంప్యూటరు కొనుమని ఎవరైన చెప్పినచో నమ్మవలదు.

ఎప్పుడు కొనవలెనని ఆయన చివర అడిగిరి. జనవరిలో కొత్తకాయ దిగుచుండగా కాదు. వేసవిలో యార్డునకు సెలవులిచ్చినప్పుడు కొని, పాతదాని ప్రక్కనే ఉంచి, నిరుటి ఆవర్జాలను ఎక్కించి, రెండింటి నిల్వలు పైసలతో సహా సరిపోవువరకు పాతదానిని అటక ఎక్కింపవలదని చెప్పితిమి.