మలాజ్ నుంచి సముద్రానికి గంట ప్రయాణం

రియాద్‌లో ఉండేవాళ్ళని సముద్రం ఎంత దూరం అని అడిగితే, దమ్మాం వైపు నాలుగు వందల కిలోమీటర్లు అంటారు. మొదటి రెండేళ్ళు నేనూ అలాగే చెప్పేవాణ్ణి. ఇప్పుడెవరైనా అడిగితే మా మలాజ్ నుంచి గంట ప్రయాణం అంటాను. కాకపోతే మనం వెళ్ళేసరికి కాస్త ఆలస్యమైపోయింది. ఓ పదహారు కోట్ల ఏళ్ళు, అంతే.

మలాజ్ అంటే రియాద్‌లో పాత పేట. 1950లలో ప్రభుత్వ ఉద్యోగుల కోసం గళ్ళ నోటుపుస్తకంలా గీసి కట్టిన కాలనీ. జూ, స్టేడియం, సిత్తీన్ వీధి, మా లాంటి వాళ్ళకి అందుబాటు అద్దెల ఇళ్ళు, ఇవీ దాని ఆనవాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం సూపర్ మార్కెట్, రాత్రి ఇంటికి ఫోను. శనివారం మళ్ళీ అదే. 2013లో సెలవులు శుక్ర శనివారాలకి మారినా మా దినచర్య మాత్రం మారలేదు.

మా ఫ్లాట్ పైన నెల్లూరు ఆయన ఒకాయన ఉండేవారు. భవనాలు కట్టేముందు నేల పరీక్షలు చేసే కంపెనీలో ఇంజనీరు. ఒకరోజు లిఫ్టులో జేబులోంచి ఓ రాయి తీసి నా చేతిలో పెట్టారు. రాయి కాదు, ఆల్చిప్ప. మా ఊళ్ళో గోదావరి ఇసుకలో దొరికేలాంటిదే, కానీ బరువుగా, చల్లగా ఉంది. "ఎక్కడిదండీ?" అంటే, "తువైక్ కొండ కింద. ఈ శుక్రవారం వస్తారా?" అన్నారు. అలా మొదలైంది.

తువైక్ అన్నది రియాద్‌కి పడమర వైపు, ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు సాగిన సున్నపురాతి కొండ. తూర్పు నుంచి వెళ్తే కొండ ఎక్కుతున్నట్టే ఉండదు. చదునుగా పోయి పోయి హఠాత్తుగా నేల అయిపోతుంది. టూరిస్టులు 'ప్రపంచపు అంచు' అని ఫొటోలు తీసుకునే చోటు కూడా ఈ గోడలో ఓ ముక్కే. మక్కా రోడ్డు మీద వెళ్తే కొండని తొలిచి వేసిన దిగుడు వస్తుంది. అది దిగి ధుర్మా ఊరి వైపు తిరిగితే, పైన నిట్టనిలువు గోడ, దాని కింద బూడిద పసుపు రంగు వాలు. వాలంతా సున్నం కలిసిన బంకమన్ను. వాన పడ్డప్పుడల్లా ఆ మన్ను కొంచెం కొంచెం కరిగి పోతుంది, లోపలున్నవి పైకి తేలతాయి. మనం తవ్వక్కర్లేదు. సుత్తి కూడా అక్కర్లేదు. తల దించుకుని నడవడమే పని.

మొదటి గంటలో నాకు రాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన మాత్రం నా కాళ్ళ దగ్గర్నుంచే ఏరుతున్నారు. "వస్తువు కోసం చూడకండి, వరస కోసం చూడండి" అన్నారు. అంటే ప్రకృతిలో ఊరికే పగిలిన రాయికి గీతలు సమాన దూరంలో ఉండవు. సమానంగా గీతలు కనిపిస్తే ఆగాలి. అది అర్థమయ్యాక కళ్ళు తెరుచుకున్నాయి. ఆల్చిప్పలు, నత్తలు, విసనకర్ర మడతల్లాంటి గీతలున్న బ్రాకియోపాడ్లు, ఐదు రేకుల పువ్వు అచ్చుగుద్దినట్టున్న సీ అర్చిన్లు. పైన గోడ దగ్గర పగడాల దిబ్బలు, పెట్టినవి పెట్టినట్టే. నీటి చుక్క లేని చోట, మోకాళ్ళ మీద కూర్చుని, సముద్రం అడుగున ఉన్నాను.

తర్వాత చదివితే తెలిసింది. జురాసిక్ కాలంలో ఈ ప్రాంతమంతా భూమధ్యరేఖకి దగ్గరలో, టెథిస్ అనే సముద్రపు అంచున, లోతులేని వెచ్చని నీళ్ళ కింద ఉండేది. గోడ కింద వాలుకి ధుర్మా ఊరి పేరే పెట్టి ధ్రుమా పొర అంటారు. గోడ తువైక్ పొర. దాని మీద హనీఫా, జుబైలా, అరబ్ పొరలు, ఆ పైన హిత్. ఇవన్నీ తూర్పుకి చాలా కొద్దిగా వాలి ఉంటాయి. ఆ వాలు వల్లే ఇక్కడ నేల మీద మనం తొక్కే పొరలు, గవార్ చమురు క్షేత్రం దగ్గరికి వెళ్ళేసరికి కిలోమీటర్ల లోతుకి దిగిపోతాయి. తువైక్, హనీఫా పొరల్లో పడ్డ ఆ సముద్రపు బురదే ఉడికి చమురైంది. అరబ్ పొరలోని రంధ్రాల్లో నిలవుంది. హిత్ పొర కుండ మీద మూతలా బిగించింది. ఆ మూత నేల మీద కనబడే చోటు రియాద్‌కి దక్షిణంగా అల్ ఖర్జ్ వైపు దహల్ హిత్ అనే గుహలో ఉంది. 1938 మార్చిలో దమ్మాం ఏడో నంబరు బావిలో పడ్డ చమురు ఈ అరబ్ పొరదే.

ఆలోచిస్తే నవ్వొస్తుంది. నేను ఇక్కడికి వచ్చింది, నెల్లూరు ఆయన వచ్చింది, మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళకి స్లాబులు పడింది, అంతా ఆ బురద పుణ్యమే. గల్ఫ్ డబ్బు అంటాం గానీ, నిజానికి అది టెథిస్ డబ్బు.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

మా నాన్నగారు పోయిన ఏడాది అది. అమ్మ ఒక్కతీ కొవ్వూరు దగ్గర మా ఊళ్ళో ఉండలేక, చెల్లి వాళ్ళింటికి వెళ్ళిపోవడానికి సిద్ధమవుతోంది. ఓ రాత్రి ఫోన్లో, "నాన్నా, మరి సాలగ్రామం సంగతేం చేద్దాం?" అంది. మా తాతగారి కాలం నుంచీ ఇంట్లో ఉంది. ఉసిరికాయకి కొంచెం పెద్దది, నల్లగా నున్నగా ఉంటుంది. ఇంట్లో సాలగ్రామం ఉంటే రోజూ అభిషేకం, నైవేద్యం తప్పకూడదంటారు. నాన్నగారు జ్వరంతో ఉన్నా లేచి చేసేవారు. "నువ్వా అక్కడ, చెల్లి ఉద్యోగం. గుళ్ళో ఇచ్చేద్దామా?"

ఆఫీసులో ఏదో రిలీజు గొడవలో ఉన్నాను. "ఇచ్చేయమ్మా, రాయేగా" అన్నాను.

అవతల్నుంచి కాసేపు మాట లేదు. తర్వాత "సరే, అన్నం తిన్నావా" అంది.

మూడు వారాల తర్వాత, జనవరిలో, ధుర్మా వాలు మీద నాకు మొదటి అమ్మోనైట్ దొరికింది. ఎండ ఏటవాలుగా పడుతున్న సాయంత్రం. సగం మన్నులో, సగం పైన. చుట్టలు చుట్టుకున్న పాములా, చుట్ట చుట్టకీ సమానంగా పక్కటెముకల్లాంటి గీతలు. అరచేతిలో పెట్టుకోగానే నాకు గుర్తొచ్చింది పుస్తకంలో బొమ్మ కాదు, మా దేవుడి గది. రాగి పళ్ళెంలో సాలగ్రామం, దాని ద్వారంలోంచి కనబడే చక్రం. చిన్నప్పుడు నాన్నగారు దీపం దగ్గరగా పెట్టి "కనిపించిందా?" అని అడిగేవారు.

సాలగ్రామాలు నేపాల్లో గండకీ నది మోసుకొచ్చే రాళ్ళని అందరికీ తెలుసు. వాటిలో చాలా వాటి లోపల ఉన్నది అమ్మోనైటే అని ఇంజనీరింగు చదివిన నాకు ముప్పై దాటాక తెలిసింది. ఆక్టోపస్, స్క్విడ్‌ల దూరపు చుట్టం. చుట్టలో గదులు కట్టుకుంటూ పెరిగి, చివరి గదిలో తాను ఉండేది. మిగతా గదుల్లో గాలి నింపుకుని తేలేది. చచ్చి అడుగున పడితే చుట్టూ మన్ను గట్టిపడి గుండ్రాయి అయ్యేది. హిమాలయాలు లేచినప్పుడు ఆ సముద్రపు అడుగు కూడా వాటితో పాటు లేచింది. ఆ సముద్రం పేరూ టెథిసే. ఒకే సముద్రం, ఒక ఒడ్డు నా కాళ్ళ కింద, ఇంకో ఒడ్డు మా దేవుడి గదిలో.

ఈజిప్టు వాళ్ళ పొట్టేలు కొమ్ముల దేవుడు అమ్మోన్ పేరు మీదే దీనికి ఆ పేరు వచ్చింది. అంటే ఆ రాయిని చూసి దేవుణ్ణి తల్చుకున్నది మనమొక్కళ్ళమే కాదు. 1952లో ఆర్కెల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఈ తువైక్ అమ్మోనైట్ల మీదే పెద్ద గ్రంథం లాంటి వ్యాసం రాశాడు. ఏ పొర ఏ వయసుదో చెప్పడానికి అమ్మోనైట్‌ని మించిన గడియారం లేదు. జాతులు త్వరత్వరగా మారిపోయేవి, సముద్రమంతా పాకేవి.

కారెక్కకుండానే ఫోన్ చేశాను. "అమ్మా, గుళ్ళో ఇచ్చేశావా?"

"లేదు. పంతులుగారు ఏకాదశికి తెమ్మన్నారు."

"ఇవ్వకు. నేను తీసుకుంటాను."

"తీసుకుని? రోజూ చేస్తావా?"

చేస్తానని అబద్ధం చెప్పలేకపోయాను. "షోకేసులో పెట్టుకోడానికి కాదు నాన్నా అది" అంది మెల్లగా. అప్పుడు తగలాల్సిన మాట తగిలింది. నేను రాయి అన్నప్పుడు ఆవిడ ఎందుకు మాట్లాడలేదో అర్థమైంది. చివరికి చెల్లే అడ్డం పడి, పొద్దున్నే స్నానం అయ్యాక ఓ గ్లాసు నీళ్ళు, ఓ తులసాకు నేను వేస్తాలే అంది. నేను సెలవుకి వచ్చినన్నాళ్ళూ నావంతు.

ఆ వేసవిలో వెళ్ళినప్పుడు దారిలో గౌరీపట్నం క్వారీల దగ్గర ఆగాను. చిన్నప్పట్నుంచీ కంకర లారీల దుమ్ము తప్ప నాకు ఏమీ తెలియని చోటు. ఆ నల్లరాయి పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా. రెండు లావా పొరల మధ్య సన్నగా తెల్లటి సున్నపు పొర, అందులో నత్తలు, ఆల్చిప్పలు. రాజమండ్రి అవతల కాతేరు దగ్గరా అంతే. డైనోసార్లు, అమ్మోనైట్లు పోయిన కాలానికీ ఈ లావాకీ ఉన్న సంబంధాన్ని ప్రిన్స్‌టన్‌కి చెందిన గెర్టా కెల్లర్ బృందం తేల్చింది ఈ రాజమండ్రి క్వారీల్లోంచే, 2008లో. నేను సముద్రాన్ని వెతుక్కుంటూ అరేబియా వెళ్ళాను. అది మా ఊరి కంకర కింద ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే వెళ్ళండి. ఒక్క కారుతో వెళ్ళకండి. నీళ్ళు మీరనుకున్నదానికి రెట్టింపు పట్టుకెళ్ళండి. మబ్బు పడితే వాగుల్లో ఉండకండి. రాయి ఎత్తేటప్పుడు అవతలికి కాకుండా అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి ఎత్తండి, తేళ్ళుంటాయి. శుభ్రం చెయ్యడానికి పాత టూత్ బ్రష్, నీళ్ళు చాలు. వెనిగర్ జోలికి పోకండి. నా మొదటి సీ అర్చిన్ రేకులు అలాగే కరిగిపోయాయి, సున్నం కదా. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి చట్టం తెలుసుకోకుండా ఏదీ ఇంటికి తేవద్దు, దేశం దాటించొద్దు. నేనిప్పుడు ఫొటో తీసి, చోటు రాసుకుని, ఉన్నచోటే పెట్టేస్తున్నాను. ఆ అమ్మోనైట్ కూడా ఆ వాలు మీదే ఉంది.

ఆ సెలవులో మొదటి రోజు పొద్దున్న అభిషేకం నేనే చేశాను. తుడిచి, ఫోన్ లైటు వేసి, ద్వారంలోంచి లెన్సు పెట్టి చూశాను. గదులు, గోడలు, వంపు, అన్నీ ఉన్నాయి. అమ్మని పిలిచి చూపించాను. "వజ్రకీటం ఎంత బాగా తొలిచిందో" అంది. అది తొలిచింది కాదమ్మా, అందులో ఓ ప్రాణి ఉండేది, హిమాలయాలు లేకముందు అక్కడంతా సముద్రం, అని మొత్తం చెప్పాను. ఆశ్చర్యపోతుందేమో, కాస్త నొచ్చుకుంటుందేమో అనుకున్నాను.

శ్రద్ధగా విని, తులసాకు నా చేతికిచ్చింది.

"సముద్రంలోనే కదరా ఆయనుండేది" అంది.