మీకు తెలుసా? తుక్కులోంచి పుట్టే ట్రక్కు

అమెరికాలో ఇంటి షెడ్లలో తయారయ్యే ‘ర్యాట్ రాడ్’ ట్రక్కుకు తుప్పే అలంకారం. హాట్ రాడ్ బండ్లు (వేగం కోసం మార్చి కట్టిన పాత కార్లు) మెరిసే పెయింటు, క్రోమ్ పూతలతో ఖరీదైన ప్రదర్శన వస్తువులుగా మారడం నచ్చనివాళ్లు, 1940ల కుర్రాళ్లలా చేతికందిన విడిభాగాలతో బండి కట్టే పద్ధతికే మళ్లారు.

చాలామంది 1928–31 నాటి ఫోర్డ్ మోడల్ ఎ వంటి పాత పికప్ క్యాబిన్‌తో మొదలుపెడతారు. దాని అసలు ఇంజిన్ శక్తి 40 హార్స్‌పవరే. అందుకే ఆ చోట తరచుగా షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 కూర్చుంటుంది. ఈ రకం ఇంజిన్ 1955లో వచ్చింది.

అసలు పనితనమంతా ఎత్తు తగ్గించడంలోనే ఉంది. క్యాబిన్ అడుగు కోసి, దాన్ని ఛాసిస్ మీదుగా కిందికి దించడం ‘చానెలింగ్’. కిటికీల పక్క స్తంభాలను కొన్ని అంగుళాలు కోసి పైకప్పును దించడం ‘చాపింగ్’. స్తంభాలు ఏటవాలుగా ఉంటే కోసిన అంచులు ఒకదానిమీద ఒకటి కూర్చోవు. పైకప్పునే చీల్చి, మధ్యలో రేకు అతికించి వెల్డింగ్ చేయాల్సి వస్తుంది. ఓపికకు ఇంతకు మించిన పరీక్ష లేదు!

తుప్పు పైరేకు మీద అందమే. ఛాసిస్‌లోనో బ్రేకు గొట్టాల్లోనో ఉంటే ప్రాణాంతకం. అందుకే కొందరు పాత క్యాబిన్ కింద, ముందు డిస్క్ బ్రేకులున్న షెవర్లే ఎస్-10 ఛాసిస్ పెడతారు.

మన దేశంలో ప్రయత్నించాలనుకుంటే ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవండి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టానుసారం మార్చి రోడ్డెక్కించడం చట్టవిరుద్ధం.