బెంగళూరు పోలీసు ఉద్యోగం: ఇంటివాళ్లు తెలుసుకోవలసిన సంగతులు



పోయిన దసరా అయినాక మన హగరి తల్లి ఒకామె సంఘం గదికి వచ్చింది. కొడుకు బెంగళూరులో కానిస్టేబులు. "పండక్కి రాలేదు. ఫోను చేస్తే 'మళ్లీ చేస్తానమ్మా' అని పెట్టేస్తాడు. పెద్ద ఊరు చేరి మమ్మల్ని మరిచిపోయినాడు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు మేము చెప్పిన మాటలు ఇంకో నాలుగిళ్లకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

మన బళ్లారి జిల్లా పోలీసుకు పెద్ద ఎస్పీ. బెంగళూరులో 1963 నుంచి కమిషనర్ పద్ధతి ఉంది. ఆయన కింద డీసీపీలు, ఏసీపీలు, ఆ కింద స్టేషన్లు. జిల్లాలో గుంపులు కూడరాదని ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరు. అక్కడ ఆ అధికారం కమిషనర్‌కే ఉంటుంది. ఊరేగింపు, ధర్నా, క్రికెట్ మ్యాచ్, మంత్రుల రాక, ఏదైనా సరే స్టేషన్ సిబ్బంది బందోబస్తుకు కదలాల్సిందే. మనకు పండగంటే సెలవు, వాళ్లకు పండగంటే డ్యూటీ.

మిగతా రోజులూ తీరిక తక్కువే. అర్జీలు తీసుకోవాలి, సమన్లు అందించాలి, అరెస్టయిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. 112కు ఫోను వస్తే హొయ్సళ బండి పరుగెత్తాలి. పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అని 1861 నాటి పోలీసు చట్టమే రాసిపెట్టింది.

మన ఊళ్లో ఎవరి కొడుకు ఎవరో పోలీసుకు ఇట్టే తెలుస్తుంది. అక్కడ పక్కింటివాడి పేరు కూడా చెప్పేవాళ్లుండరు. అందుకే కెమెరాలు, ఫోను వివరాలు వెతుకుతూ రాత్రులు గడిచిపోతాయి. ఇంట్లో నేర్చిన తెలుగు మాత్రం అక్కడ అక్కరకొస్తుంది. భయపడి వచ్చిన తెలుగు కూలీకి తన మాటలో పలికే పోలీసు దొరికితే సగం ధైర్యం.

తప్పు జరిగితే మాట పడేదీ వాళ్లే. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. మరునాడే కమిషనర్‌తో సహా పలువురు అధికారులను సస్పెండ్ చేశారు. జూలైలో ఆ ఉత్తర్వు వెనక్కు తీసుకున్నారు.

పిల్లల్ని ఈ ఉద్యోగానికి పంపేవాళ్లకు మూడు మాటలు. సివిల్ కానిస్టేబులుకు పీయూసీ, పీఎస్ఐకి డిగ్రీ కావాలి. కన్నడం చదవడం, రాయడం బాగా రావాలి. 371(జె) అర్హత పత్రం ముందే తీసిపెట్టుకోండి. ముఖ్యంగా, దళారికి రూపాయి ఇవ్వకండి. 2021లో 545 పీఎస్ఐ పోస్టులకు జరిగిన పరీక్షను, అక్రమాలు బయటపడి 2022లో రద్దు చేశారు. నిజాయితీగా చదివిన పిల్లలు మళ్లీ పరీక్ష రాయడానికి 2024 జనవరి దాకా కాచుకున్నారు.

ఆ తల్లి మా మాట విని, జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి మూటగట్టుకుని బళ్లారిలో రైలెక్కింది. తిరిగొచ్చి మాతో ఒకటే మాట అనింది: "అర్ధగంట దొరికింది సార్. యూనిఫారంలోనే, నిలబడే తిన్నాడు. మరిచిపోలేదు."

దరఖాస్తు నింపడంలో అనుమానాలుంటే ఆదివారం పొద్దున సంఘం గదికి రండి. గుమాస్తాగిరీలో నేర్చిన విద్య, మీకు కాకపోతే ఎవరికి?